రోమన్ వెండి నాణేలు ఏ రెండూ ఒకే సైజులో ఎందుకుండవు? గుండ్రంగా లేకపోతే డూప్లికేటేనా?

కావలి_పాతపైసలు

నాణేల గురించి బాగా తెలిసినోళ్లు కాస్త చెప్పండి. మాది కావలి. మా మేనమామ మద్రాసులో ఉద్యోగం చేసేప్పుడు అక్కడి డీలర్ల దగ్గర బిల్లులతో సహా కొని పెట్టుకున్న రోమన్ వెండి నాణేలు ఆరు ఉండాయి, ఇప్పుడు ఆయనకి చూపు సరిగా ఆనడం లేదని నన్ను చూసుకోమని ఇచ్చేసినాడు. నాకు బ్రిటీష్ రూపాయలు, అణాలు అయితే తెలుసు గానీ ఇవి పూర్తిగా కొత్త. కవర్ల మీద పేర్లు మాత్రం మామయ్యే రాసిపెట్టినాడు.

నా డౌటు ఏందంటే ఆరూ వెండే, ఆరూ రోమ్‌వే అని రాసుండాది గానీ ఏ రెండూ ఒకమాదిరిగా లేవు. టైబీరియస్ అనే రాజువి రెండు ఉండాయి, రెండిట్లో ఒకపక్క రాజు తల, ఇంకోపక్క కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, బొమ్మ అచ్చం అదే. కానీ ఒకటి కోడిగుడ్డు షేపులో సాగి పొడుగు వైపు 19 మిల్లీమీటర్లు ఉంటే రెండోది 17 కూడా లేదు, చిన్నగా మందంగా ఉండాది. అగస్టస్‌ది ఒకటి, ఇద్దరు పిల్లోళ్లు డాళ్లు పట్టుకుని నిలబడి ఉంటారు, దాంట్లో బొమ్మ ఒకపక్కకి జరిగిపోయి అక్షరాలు సగం అసలు పడనేలేదు. ఇంకోదానికి అంచంతా రంపం పళ్లలాగా కోసి ఉండాది. సెప్టిమియస్ సెవెరస్‌ది ఒకటి చిన్నది. ఆఖరిది గాలియెనస్ అని రాసుండాది, అది కాస్త వెడల్పు, పల్చన, నల్లగా ఉండి అంచు దగ్గర చీలింది, వెండి అంటే ఎవరూ నమ్మరు.

మా ఊళ్లో పాత సామాన్లు కొనే ఒకాయనకి చూపిస్తే గవర్నమెంటు కొట్టిన డబ్బులు గుండ్రంగా లేకుండా ఎట్టుంటాయి, ఇవన్నీ డూప్లికేట్ అని తేల్చేసినాడు. మామయ్య ఎంత ఇష్టంగా దాచుకున్నాడో నాకు తెలుసు, ఆయనకి ఈ మాట చెప్పేముందు నిజం కనుక్కుందామని అడుగుతుండా. అంత పెద్ద రాజ్యం, ఇన్ని సైజులు ఎందుకు?

ఒంగోలు_తూకంరాళ్లు

తమ్ముడూ, ముందు ఆ పాత సామాన్ల ఆయన మాట పక్కన పెట్టెయ్. గుండ్రంగా లేకపోవడం దొంగ నాణెం లక్షణం కానే కాదు, ఈ కాలపు నాణేల్లో అది మామూలు సంగతి.

మన రూపాయి బిళ్ల అంత గుండ్రంగా ఎందుకుంటదంటే మింట్‌లో మెషీను కొట్టేటప్పుడు బిళ్ల చుట్టూ ఒక ఉక్కు రింగు ఉంటది, దెబ్బ పడగానే లోహం పక్కకి సాగబోతది కానీ ఆ రింగు దాటి పోలేదు, అందుకని ప్రతి బిళ్లా ఒకటే కొలత వస్తది. రోమ్ టంకశాలలో ఆ రింగు లేదు. కింది అచ్చుని దిమ్మలో బిగిస్తారు, దాని మీద వెండి బిళ్ల పెడతారు, పైఅచ్చు చేత్తో పట్టుకుని సుత్తితో కొడతారు. దెబ్బ గట్టిగా పడితే పల్చగా వెడల్పుగా సాగిద్ది, మెత్తగా పడితే చిన్నగా మందంగా ఉండిపోద్ది, సుత్తి ఒరిగితే ఒకపక్కకి సాగి నీ కోడిగుడ్డు షేపు వస్తది, బిళ్ల అచ్చుకి మధ్యలో కూర్చోకపోతే నీ అగస్టస్‌లాగా సగం అక్షరాలు గాల్లోకి పోతయి. సంక్రాంతికి అమ్మ అరిసెలు వత్తేటప్పుడు చూసుంటావు గదా, ఉండలన్నీ ఒకటే తూకం, ఆకు మీద వత్తాక ఒకటి వెడల్పు ఒకటి మందం, తినేదాంట్లో మాత్రం తేడా లేదు, అంతే.

ఇంకో తమాషా కూడా జరిగేది, కొట్టిన నాణెం పైఅచ్చుకే అతుక్కుని ఉండిపోతే పనోడు చూసుకోకుండా కింద కొత్త బిళ్ల పెట్టి కొట్టేస్తాడు, అప్పుడు ఆ కొత్తదానికి ఒకవైపు మామూలు రాజు తల, రెండోవైపు అదే తల లోపలికి గుంటగా తిరగబడి పడిద్ది. అట్టాంటివాటిని కలెక్టర్లు ప్రత్యేకంగా వెతికి కొంటారు.

నీ టైబీరియస్ సంగతి చూడు. ఆయన క్రీస్తుశకం 14 నుంచి 37 దాకా ఏలాడు, ఈ కూర్చున్న ఆడమనిషి బొమ్మనే దాదాపు ఆ కాలమంతా ఫ్రాన్స్‌లో ఇప్పుడు లియాన్ అంటున్నారే, ఆ లుగ్డునమ్ టంకశాలలో కొడుతూనే ఉన్నారు. అన్నేళ్లలో ఎన్ని అచ్చులు అరిగి ఉంటాయో, ఎంతమంది చేతులు మారి ఉంటాయో ఆలోచించు. చేత్తో చెక్కిన అచ్చులు కాబట్టి ముక్కు, మెడ, అక్షరాల సైజు కూడా ఒకదానికొకటి కలవవు. భూతద్దం పెట్టి రెండూ పక్కపక్కన చూడు, నీకే కనపడిద్ది. అసలు భయపడాల్సింది ఎప్పుడంటే రెండు నాణేలు అంచు చీలికతో సహా అచ్చు గుద్దినట్టు ఒకటే షేపులో ఉంటే, అప్పుడు ఎవరో ఒక అసలుదాన్ని మూస తీసి పోత పోశారని అర్థం.

కొలత టేపు పక్కన పెట్టి కాటా పట్టుకో. రోమ్‌వాళ్లు పట్టించుకున్నది తూకం. వాళ్ల పౌను మన లెక్కలో సుమారు 325 గ్రాములు. వాళ్ల మామూలు వెండి నాణేన్ని డెనారియస్ అంటారు, అది మొదలైంది క్రీస్తుపూర్వం 211 ప్రాంతంలో, హానిబల్ అనే శత్రు సేనానితో యుద్ధం నడిచేటప్పుడు. మొదట్లో పౌనుకి 72 కొట్టేవాళ్లు, అంటే ఒకటి నాలుగున్నర గ్రాములు. ఎక్కువ కాలం గడవకముందే పౌనుకి 84 చేశారు, అంటే 3.9 దాకా. అది రెండొందల ఏళ్లకి పైగా నిలబడింది. తర్వాత నీరో చక్రవర్తి క్రీస్తుశకం 64లో పౌనుకి 96 చేసి 3.4కి దించాడు, వెండిలో రాగి కూడా పెంచాడు. కాబట్టి నీ దగ్గర ఉన్నవి ఏ కాలానివో చూసుకుని ఆ కాలపు తూకంతో పోల్చు, ఒకదానితో ఒకటి పోల్చమాక.

నెల్లూరు_ఆచారి

ఒంగోలు అన్న బాగా చెప్పినాడు, నేను పని చేసేవాడిగా ఒక మాట కలుపుతా. తూకం ఒకటే అన్నా ప్రతి నాణెం కచ్చితంగా 3.9 ఉండాలని కాదు. ఒక పౌను వెండికి 84 బిళ్లలు రావాలి, మొత్తం కలిపి తూస్తే పౌను రావాలి, లెక్క అంతే. ఒక బిళ్ల 3.7 పోయి పక్కది 4.0 వచ్చినా టంకశాలకి నష్టం లేదు. బంగారంలో అట్లా కుదరదు, ఆడ ప్రతి బిళ్లనీ విడిగా తూచి సరిచేస్తారు, అందుకే రోమన్ బంగారు నాణేలు తూకంలో చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. మా పనిలోనూ అంతే, వెండి పట్టీల తూకం చూసేదానికీ బంగారు ముక్కుపుడక తూకం చూసేదానికీ తేడా ఉంటాది. దానికి తోడు ఆ నాణేలు చేతులు మారి మారి అరిగి ఉంటాయి, నూటికి నాలుగైదు పాళ్లు తరుగు పోవడం పెద్ద విషయం కాదు.

అబ్బయ్యా, దయచేసి ఒకటి విను. వాటిని గీటురాయి మీద ఎవుర్నీ గీయనివ్వద్దు, యాసిడ్ చుక్క వెయ్యనివ్వద్దు. చింతపండు, కుంకుడుకాయ, టూత్‌పేస్ట్, అంట్లు తోమే పౌడరు ఏదీ పెట్టబాక. ఆ నలుపు వందల ఏళ్లు పట్టి ఏర్పడింది, తోమేస్తే అక్షరాల అంచులు పోతాయి, తర్వాత ఎవురూ తెచ్చిపెట్టలేరు. ఇట్టా తోమి తెల్లగా చేసుకుని మా అంగడికి తెచ్చినవి చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతాది.

గీయకుండా చూసే పద్ధతి ఒకటి ఉండాది. మిల్లీగ్రాములు చూపించే కాటా మీద గ్లాసులో నీళ్లు పెట్టి సున్నా చెయ్యాలి. నాణేన్ని సన్నదారంతో కట్టి నీళ్లలో మునిగేట్టు, అడుగు తగలకుండా వేలాడదియ్యాలి. అప్పుడు కాటా చూపించే అంకెతో నాణెం అసలు తూకాన్ని భాగించాలి. మంచి వెండి అయితే పదిన్నరకి దగ్గర్లో వస్తాది, రాగి అయితే తొమ్మిదికి కాస్త తక్కువ. మామూలు షాపు కాటా పనికిరాదు, 3.6 గ్రాముల నాణేనికి నీళ్లలో వచ్చేదే 0.34, 0.35 కాబట్టి పది మిల్లీగ్రాములు అటూఇటూ అయితే జవాబు మొత్తం మారిపోతాది. గాలి బుడగ ఒకటి అంటుకున్నా అంతే. నెల్లూరు చిన్నబజారులో తెలిసిన ఆచారి ఎవరున్నా చేసిపెడతారు, పక్కనే నిలబడి చేయించుకో.

సింగరాయకొండ_లైబ్రరీ

రంపం పళ్ల నాణెం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తన్నా. బాబూ, అది నీ ఆరింట్లో నాకు అన్నిటికంటే నచ్చింది. వాటిని సెర్రాటస్ అంటారు, చక్రవర్తులు రాకముందు, రిపబ్లిక్ కాలంలో, ముఖ్యంగా క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం చివర్నుంచి మొదటి శతాబ్దం సగం లోపు కొట్టినయ్యి. బొమ్మ కొట్టకముందే ప్రతి బిళ్ల అంచునీ ఉలితో ఒక్కొక్క గాటు చొప్పున కోశారు, ఒక్కో నాణేనికి అంత పని ఎందుకు పెట్టుకున్నారో అని ఇప్పటికీ వాదనలు నడుస్తన్నయ్. లోపల రాగి పెట్టి పైన వెండి రేకు చుట్టే మోసాన్ని పట్టించడానికి, కోసిన చోట లోపల కూడా వెండే అని కనపడాలని చేశారని చాలామంది చెప్తారు, కానీ గాట్లు పెట్టి మరీ వాటి మీద రేకు తొడిగిన దొంగ నాణేలు కూడా దొరికినయ్యి, కాబట్టి ఆ జవాబు నాకు సరిపోదు. టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు మాత్రం ఒక ముచ్చట రాశాడు, రైన్ నది అవతల జర్మన్ తెగలోళ్లు ఈ రంపం పళ్లవీ, జోడుగుర్రాల రథం బొమ్మవీ అయితేనే ఇష్టంగా తీసుకునేవాళ్లంట, పాతవి, ఎరిగినవి అని.

ఇక నీ నల్లది, గాలియెనస్‌ది. రాజు తల మీద ముళ్లలాగా కిరణాల కిరీటం ఉందా చూడు. ఉంటే అది డెనారియస్ కాదు, వేరే నాణెం. 215లో కారకల్లా అనే చక్రవర్తి దాన్ని మొదలుపెట్టాడు, ఇప్పుడు మనం ఆంటోనినియానస్ అంటాం, రెండు డెనారియస్‌ల విలువ అని చెలామణీ చేశారని ఎక్కువమంది అభిప్రాయం, కానీ అందులో వెండి ఒకటిన్నర డెనారియస్‌లదే. మొదట్లో 5 గ్రాముల దాకా ఉండి చూడ్డానికి బాగానే ఉండేది. సెవెరస్ కాలానికే డెనారియస్‌లో వెండి సుమారు సగానికి దిగిపోయింది, ఆ తర్వాత యుద్ధాలు, సైన్యం జీతాలు, రాజు మీద రాజు మారడం, గాలియెనస్ ఏలుబడి చివరికి అంటే 268 నాటికి నూటికి ఐదు పాళ్లు కూడా వెండి లేదు. రాగి బిళ్ల మీద వెండి పూత కనపడేట్టు చేసి వదిలారు, అది నాలుగు చేతులు మారేసరికి పోయేది. అంత హడావుడిగా కొట్టారు కాబట్టి ఆ కాలపువి చీలినవి, మూల తెగినవి, అచ్చు కంటే బిళ్ల చిన్నదైపోయినవి కుప్పలు కుప్పలు. నీదానికి అంచు చీలింది అన్నావు చూడు, ఆ కాలానికి సరిగ్గా అట్టాగే ఉండాలి.

డయోక్లీషియన్ అనే చక్రవర్తి వచ్చి 294 ప్రాంతంలో మళ్లీ మంచి వెండి నాణెం తెచ్చాడు, పౌనుకి 96 అని నమ్మకం కలగడానికి ఆ అంకెనే రోమన్ అక్షరాల్లో కొన్ని నాణేల మీద కొట్టించాడు. అంటే నీరో నాటి తూకానికే తిరిగొచ్చారన్నమాట. ఇంకా తర్వాత సిలిక్వా అని పల్చటి వెండి నాణెం వచ్చింది. 1992లో ఇంగ్లండులో హాక్సన్ (Hoxne) అనే ఊళ్లో దొరికిన నిధిలో ఇవి వేలల్లో ఉన్నయ్యి, చాలావాటికి అంచులు చుట్టూ కత్తిరించేసి ఉన్నయ్యి, రాజు తల మీదకి మాత్రం కత్తెర పోనివ్వలేదు. కాబట్టి సైజు తేడా అన్నప్పుడు టంకశాలలో వచ్చింది ఏది, తర్వాత జనం కోసుకుంది ఏది అని కూడా చూడాలి.

తూర్పు రాష్ట్రాల్లో అయితే కథే వేరు. ఇప్పటి టర్కీ వైపు అగస్టస్ పేరుతోనే 12 గ్రాముల దాకా ఉండే పెద్ద వెండి నాణేలు కొట్టారు, ఒకటి మూడు డెనారియస్‌లకి సమానం. ఈజిప్టులో అలెగ్జాండ్రియావి మందంగా, రాగి ఎక్కువ కలిపినవి, అవి ఆ దేశం దాటి బయట చెల్లేవి కావు.

ఉదయగిరి_కోట

అందరూ రోమ్ గురించే రాస్తుండారు, మన గడ్డ సంగతి కూడా చెప్పుకోవాల గదా. నెల్లూరు దగ్గర 1780ల్లో ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది, తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న ముంతలో రోమన్ నాణేలు. చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టినాలవి, అన్నీ బంగారువి. ఆ రైతు పాత బంగారం కింద అమ్మేసుకున్నాడు, చాలావరకు కరిగిపోయినాయి, నవాబు తరఫున ముప్పై చిల్లర మాత్రం తిరిగి సంపాదించారు. అంతకుముందు మద్రాసు గవర్నరుగా చేసిన డేవిడ్‌సన్ 1787లో దీని గురించి ఉత్తరం రాసినాడు కాబట్టి మనకి ఈ మాత్రమన్నా తెలుసు. ట్రాజన్‌వి కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉండాయంట. ఆ కరిగినవాటిలో ఏముండాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

వెండి సంగతికొస్తే కావలి తమ్ముడి దగ్గరుండే అగస్టస్, టైబీరియస్ రకాలు రెండూ ఇండియాలో ఎక్కువగా దొరికేవే. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో పదిహేను వందలకి పైగా దొరికినవి కూడా ఈ ఇద్దరివే. నీరో వెండి తగ్గించినాక కొట్టిన డెనారియస్‌లు మన దేశంలో అరుదు, ఇక్కడ తీసుకునేవాళ్లు పాత బరువైన వెండినే అడిగి తీసుకున్నారని చాలామంది చరిత్రకారులు చెప్తారు, నాకూ అదే సబబు అనిపిస్తాది. ఎందుకంటే మనోళ్లకి డబ్బంటే తూచి తీసుకునేదే. మన పాత వెండి కార్షాపణాలు చూసినారా, రేకుని ముక్కలు కోసి, 32 గురివింద గింజల తూకం రావాలని మూలలు కత్తిరించి, పైన గుర్తులు గుద్దినవి. పలక, కోల, మూల తెగినది, ఏ షేపైనా ఉంటాది, తూకం మాత్రం 3.4 గ్రాములకి దగ్గర. అట్టాంటి బజారులోకి వంకర టైబీరియస్ వస్తే వంకర అని ఎవురంటారు? కాటాలో వేసుకుని తీసుకోనుంటారు. ఇండియాలో దొరికిన కొన్ని రోమన్ నాణేలకి రాజు ముఖం మీద ఉలి గాటు, చిన్న చిన్న గుద్దుడు గుర్తులు ఉంటాయి, తమ్ముడూ నీవాటి మీద అట్టాంటివి ఉంటే చెప్పు, అవి దెబ్బ తిన్నవి అని విసుక్కోబాక.

ప్లీనీ అనే రోమన్ రచయిత రాసిన ముచ్చట ఒకటి దీనికి సరిగ్గా అతుకుతాది. ఎర్రసముద్రం పన్నులు వసూలు చేసే కాంట్రాక్టరు మనిషి ఒకడు గాలికి కొట్టుకుపోయి సింహళం చేరినాడంట. ఆ రాజు వాడి దగ్గరున్న డెనారియస్‌లు చూసి, బొమ్మల్ని బట్టి వేరే వేరే రాజులు కొట్టినవని తెలుస్తున్నా తూకం అన్నీ ఒకటే ఉండాయని మెచ్చుకుని రోమ్‌కి రాయబారుల్ని పంపినాడంట. షేపు గురించి ఆ రాజు అడిగినట్టు ప్లీనీ ఎక్కడా రాయలేదు.

ఇంకోటి, ఈ పోస్టు చదివేవాళ్లలో ఎవురికైనా పొలంలో ఇట్టాంటివి దొరికితే 1878 నిధి చట్టం ఉండాది, 10 రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టరుకి తెలియజెయ్యాల. బిల్లుతో కొన్నవాటికి ఆ గొడవ లేదు గానీ వందేళ్లు దాటినవి కాబట్టి దేశం బయటికి పంపకూడదు, తమ్ముడు బిల్లులు కూడా నాణేలతోపాటే భద్రంగా పెట్టుకోవాల.

కావలి_పాతపైసలు

అందరికీ చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాసినందుకు. నెల్లూరు పోయి తెలిసిన ఆచారి దగ్గర కూర్చుని అన్నీ తూయించినా, గీయనివ్వలేదు. రంపం పళ్లది 3.81, అగస్టస్ 3.72, సెవెరస్ 3.15, నల్లది 2.9 (కిరణాల కిరీటం ఉండాది అక్కా, మీరు చెప్పినట్టే). కోడిగుడ్డు షేపు టైబీరియస్ 3.64, నీళ్లలో 0.352 చూపించింది. అగస్టస్ మీద చెవి దగ్గర చంద్రవంక లాంటి చిన్న గుద్దుడు గుర్తు ఒకటి కనపడింది.

కానీ రెండో టైబీరియస్, చిన్నది, మందంగా ఉండేది, అన్నిటికంటే గుండ్రంగా చక్కగా ఉండేది అదే, 3.02 మాత్రమే ఉండాది. నీళ్లలో 0.325. అంచు దగ్గర గోధుమరంగు చుక్క ఒకటి ఉంటే మురికేమో అనుకున్నా, భూతద్దంలో చూస్తే అక్కడ పైపొర లేచి లోపల ఎర్రగా కనపడతా ఉండాది. ఇది ఏందన్నా?

ఒంగోలు_తూకంరాళ్లు

భాగించి చూడు, మొదటిది 10.3 దాకా వస్తంది, మంచి వెండి, అరిగింది అంతే. రెండోది 9.3, లోపల రాగి ఉంది. పైన వెండి రేకు తొడిగి, వేడి చేసి అతికించి, తర్వాత అచ్చు కొట్టిన నాణెం. ఫుర్రే అంటారు. పైపొర లేచి లోపల ఎర్రగా ఉందంటే ఇప్పుడెవరో పోత పోసింది అయ్యే అవకాశం తక్కువ, ఎక్కువ భాగం ఆనాడే ఎవరో దొంగచాటుగా చేసిన నాణెం. మీ ఊరాయన గుండ్రంగా ఉందా అని చూశాడు, చూడు మరి, గుండ్రంగా ఉన్నదే రాగి తేలింది.

పారెయ్యమాక. రెండు వేల ఏళ్ల నాటి దొంగతనం పని అది, అసలుదాని పక్కనే పెట్టి చూపిస్తే తూకం ఎందుకు చూడాలో ఎవరికైనా ఇట్టే అర్థమైపోద్ది, రేటు తక్కువైనా వీటిని ఇష్టంగా దాచుకునేవాళ్లు ఉన్నారు. మామయ్యకి కూడా ధైర్యంగా చెప్పు, ఆరూ చూపించదగ్గవే.

కాకపోతే దాన్ని విడిగా పెట్టు. లేచిన చోటునుంచి తేమ లోపలికి పోతే రాగి పచ్చబారి రేకు ఇంకా లేస్తది, సముద్రం దగ్గర మీ ఊరిగాలికి తొందరగానే అయిద్ది. మెత్తటి పీవీసీ కవర్లలో ఉంటే ముందు వాటినుంచి తియ్, అవి కొన్నాళ్లకి జిగురు వదిలి నాణేనికి పచ్చగా పట్టిస్తయి. యాసిడ్ లేని కాగితం కవరు, చిన్న సిలికా జెల్ ప్యాకెట్టు, మూత గట్టిగా పట్టే డబ్బా చాలు. అగస్టస్ మీద చంద్రవంక గుర్తు ఫొటో మాత్రం పక్కనుంచి లైటు పడేట్టు తీసి పెట్టు, ఉదయగిరి అన్న కూడా చూస్తాడు.